తూర్పు దారిలో వచ్చిన కేక

“ఏరు పొంగిందహో! పల్లంలో ఉన్నవాళ్లు మెరకెక్కండహో!”

తూర్పు దారిలోంచి కాకి వేసిన కేక ఇది. మూడు దార్ల కూడలిలో కొమ్మ మీదున్న గోరువంక స్పష్టంగా విన్నది. విని, రెక్క దువ్వుకుంటూ కూర్చుంది.

ఎందుకు కూర్చుందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఈ పెద్ద అడవిలో ఒకప్పుడు ఎవరు కేక వేసినా అందరూ అందుకుని అరిచేవారు. ఒక్క కేక మూడు రోజులు గుండ్రంగా తిరిగిన సందర్భాలున్నాయి. చెవులు పోతున్నాయని నక్కగారు కేకల శాఖ పెట్టారు. ఏటి ఒడ్డున ఏనుగు ఒక్కసారి అరుస్తుంది. కూడలికొక పక్షి ఆ కేక అందుకుంటుంది. కేకలు కావాలని పేరు రాయించుకున్న వాళ్ల దారిలోకే మళ్లీ వేస్తుంది. బాగానే ఉంది కదండీ! పైగా ఒక నిబంధన: గోరువంక కూడలికి ఏనుగు కేక ఉత్తరం దారిలోనే రావాలి. ఇంకో దారిలో వస్తే తిరుగుడు కేక కింద లెక్క, అందుకోకూడదు.

ఆ రోజు ఉత్తరం దారికి అడ్డంగా మద్దిచెట్టు పడింది. పాపం, పై కూడలిలో ఏనుగు కేక అందుకున్న కాకి చుట్టూ తిరిగి తూర్పు నుంచి కేక వేసింది.

పల్లంలో కుందేలుకు ఆరుగురు పిల్లలు. ఇంకా కళ్లు తెరవలేదు. అది బొరియలోంచి తల బయటపెట్టి అడిగింది.

“గోరువంకమ్మా, ఏదో కేకలా వినబడింది. ఏమిటే? నా పేరు రాసుకున్నావుగా!”

“రాసుకున్నానక్కా. కానీ నాకు కేకేమీ రాలేదు.”

శాఖ బాగోగులు చూసే తాబేలు కింద నుంచి అడిగింది. “తప్పులేమైనా?”

“లేవు బాబాయ్.”

తాబేలు ఆకు మీద ‘అంతా సవ్యం’ అని గీసుకుంది.

ఇంతలో పల్లంలోనే, చల్లగా ఉంటుందని కట్టుకున్న నక్కగారి కచేరీలోకి నీళ్లొచ్చాయి. నక్క బల్లెక్కి అరిచింది.

“నీళ్లు! గోరువంకా, అందరికీ వెయ్యవే కేక!”

“మీరు పల్లం దారిలో అరుస్తున్నారండీ. ఉత్తరం నుంచి రావాలి.”

“నిబంధన రద్దు చేస్తున్నానే!”

“ఆ రద్దు కూడా పల్లం దారిలోనే వచ్చిందండీ.”

“నీ తలకాయ! ఏరు పొంగిందంటే!”

“పొంగిందని నాకూ తెలుసండీ! తూర్పు నుంచి పొద్దున్నే విన్నాను!”

ఈ తగువు ఎంత గట్టిగా సాగిందంటే, పేరు రాయించుకోని ఎలుగుబంటికి కూడా వినబడింది. కుందేలు ముగ్గురు పిల్లల్ని నోట కరుచుకుని పరుగెత్తింది. మిగతా ముగ్గుర్నీ ఎలుగుబంటి వీపు మీదకెక్కించుకుంది. నక్కగారిని ఎవరో తోక పట్టుకుని లాగారు.

సాయంత్రానికి అందరూ మెరక మీదకు చేరారు. ఏనుగు పనసపండు బద్దలుకొట్టి, “రండహో, తినండహో!” అంది.

గోరువంక మాత్రం నిలబడే ఉంది. కేక పడమటి నుంచి వచ్చిందాయె.

“కూర్చోవే తల్లీ,” అని కుందేలు రెక్క పట్టుకు లాగింది. తాబేలు ‘అంతా సవ్యం’ అని గీసి, తనూ కూర్చుంది. తడిసిన నక్కగారికి మొదటి తొన ఇచ్చారు. అందరూ తిన్నారు.

నీతి: కబురు సరైన దారిలో రావాలి, నీళ్లకు మాత్రం ఏ దారైనా ఒకటే.