చైనా కొనడం మానేసిన ప్లైవుడ్డు

ఆ రోజుకు స్వప్న పెట్టుకున్న పని చిన్నదే. పొద్దున ఆదోనిలో బస్సెక్కి, ఎమ్మిగనూరులో తాను అర్థశాస్త్రం చెప్పే డిగ్రీ కాలేజీకి చేరి, పదింటికి తన పరిశోధన గురించి అరగంట మాట్లాడాలి. ముప్పై ఏళ్లలో చైనా, అమెరికా ఎంతెంత ప్లైవుడ్డు, ఎండీఎఫ్ లాంటి చెక్క షీట్లు దిగుమతి చేసుకున్నాయన్నది విషయం. వినడానికి యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ యువరాజ్ వస్తున్నారు. ఆయన మెచ్చితే ఈ ఏడే డాక్టరేట్. లేకపోతే ఆరేళ్ల చదువు ఏడో ఏట పడుతుంది.

రెండు దేశాల దిగుమతులు చూపే గీతలతో పెద్ద ఫ్లెక్సీని ఆదోనిలో ప్రింటింగ్ షాపు జోయల్ దగ్గర వేయించి, ముందురోజే ఆటోలో పంపించింది. అదే ఆటోలో జోయల్ ఇంకో ఫ్లెక్సీ కూడా పెట్టాడు. అది ఎమ్మిగనూరులో సోమప్ప కొత్తగా తెరుస్తున్న ప్లైవుడ్డు షాపుది. రెండు చుట్టల మీదా 'ప్లైవుడ్డు' అనే రాసి ఉంటే ఆటోవాడు మాత్రం ఏం చేస్తాడు?

స్వప్న వెళ్లేసరికి సెమినార్ హాల్లో వేదిక మీద 'నేడే ప్రారంభం. అందరూ ఆహ్వానితులే. అల్పాహారం కలదు' అని వేలాడుతోంది. జోయల్‌కు ఫోన్ చేసి సంగతి కనుక్కుని, ఆమె సోమప్ప షాపుకు పరుగెత్తింది. అంతలో ప్రొఫెసర్‌గారు రానే వచ్చారు. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన విద్యార్థులు, సెమినార్ అక్కడికి మారిందని ఫ్లెక్సీ చూపించి మరీ ఆయన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు.

షాపు దగ్గర పరిస్థితి ఇంకా బాగుంది. గుమ్మం మీద మామిడాకుల కింద చైనా గీత జారుతూ కనిపించేసరికి, చైనావాళ్లు కొనడం మానేసిన సరుకే ఇక్కడ అమ్ముతున్నారని వచ్చిన వడ్రంగులంతా తేల్చేశారు. సరుకు బళ్లారి నుంచి వచ్చిందని సోమప్ప ఎంత చెప్పినా ఎవరూ వినడం లేదు. స్వప్నను చూసి ఆయన చేతులు జోడించాడు.

"నువ్వేనా తల్లీ ఇది రాసింది? నా సరుకు యాడ చెడిందో వీళ్లకు సెప్పి పో."

స్వప్న స్టూలెక్కింది. ఇది సరుకు మంచిచెడ్డల గురించి కాదని, ఎవరు బయటినుంచి ఎంత కొన్నారన్న లెక్కేనని, క్లాసులో ఎన్నడూ చెప్పనంత తేటగా చెప్పింది. దిగబోతుండగా గుంపు వెనకనుంచి ఉప్మా ప్లేటుతో ప్రొఫెసర్‌గారు, మరి చైనా ఎందుకు తగ్గించిందని అడిగారు.

దీనిమీదే ఆమె పదకొండు పేజీలు రాసింది. అక్కడి జనానికి చెక్క మీద మోజు తగ్గిందని మొదలుపెట్టిందో లేదో, గోనెగండ్ల వడ్రంగి అయ్యన్న అడ్డం వచ్చాడు.

"మోజు కాదులేమ్మా. నేనూ ముందు తలుపులు కొనుక్కొచ్చి బిగిస్తాంటి. మిషను పెట్టుకున్నాక మానేసినా. ఇప్పుడు మొద్దులు కొంటాండా. వాళ్లు మొద్దులెన్ని కొంటాండారో సూసినావా?"

స్వప్న చూడలేదు. చూడలేదనే చెప్పింది. ప్రొఫెసర్‌గారు ప్లేటు పక్కన పెట్టి, ఇప్పుడు చూడమన్నారు. షాపు బల్ల మీద లాప్‌టాప్ తెరిస్తే, ఆరేళ్లుగా ఆమె పక్కకు నెట్టేసిన పట్టికలో మొద్దులున్నాయి. షీట్లు తగ్గిన కాలంలోనే అవి పెరుగుతూ పోయాయి. ఆ పదకొండు పేజీలు తీసేసి ఇది రాయమనీ, నెలలో ఇస్తే సంతకం పెడతాననీ ఆయన అన్నారు.

స్వప్న రెండు పేజీల్లో రాసి, నియమం ప్రకారం కింద ఆధారం కూడా చూపించింది: అయ్యన్న, వడ్రంగి, గోనెగండ్ల.

సదరు గ్రంథం ఏ సంవత్సరంలో ప్రచురితమైనదో తెలుపవలసిందిగా వారం తిరక్కుండా యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది.