ఆ వీధిలో ముగ్గురు రోగులు

ఆ ఉదయం కోడలి ధ్యాసంతా ఒకదాని మీదే. పది గంటలకల్లా బడికి రెండు వందల బన్నులు చేర్చాలి. ఇంటి కింది గదిలో బేకరీ తెరిచిన ఆర్నెల్లకు వచ్చిన మొదటి పెద్ద ఆర్డరది. నచ్చితే రోజూ తీసుకుంటామన్నారు బడివాళ్ళు. ఆఖరి ట్రే ఓవెన్‌లోంచి తీస్తుండగా ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. చేతిలో ఫైలు, ముఖం నిండా అనుమానం.

"ఈ వీధిలో ముగ్గురికి తిండిలోంచి సోకే సాల్మొనెల్లా క్రిమి ఉందని మూడు ల్యాబులు మాకు రిపోర్టులు పంపాయమ్మా. జన్యుపరీక్ష చేయిస్తే మూడింటిలోనూ ఒకటే క్రిమి. అంటే ముగ్గురూ ఒకేచోట తిన్నారన్నమాట," అంటూ బన్నుల వైపు అదోలా చూశాడు.

"ఎవరండీ ఆ ముగ్గురూ?"

"మీ మామగారు, మీ అత్తగారు, మీ పక్కింటాయన."

మామగారి సంగతి కోడలికి తెలుసు. పదిరోజుల క్రితం కడుపు పాడై ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతున్నారు. గోడ గడియారాన్ని చేతి గడియారంతోనూ, చేతి గడియారాన్ని పక్కింటివాళ్ళ గడియారంతోనూ సరిచూసుకునే మనిషాయన. కోడలి బన్ను ఇంతవరకూ ముట్టనేలేదు. మరి అత్తగారికేమైంది?

పిలిస్తే అత్తగారు చీపురుతో సహా వచ్చారు.

"విరేచనాలు ఎన్నిరోజులున్నాయమ్మా?"

"నాకా? నాకేం రోగం? నిక్షేపంలా ఉన్నాను!"

"దాస్తున్నారు," అని ఇన్‌స్పెక్టరు ఫైల్లో రాసుకున్నాడు. అత్తగారు కోడలి వైపు తిరిగి, "నామీద ఈ పుకారు పుట్టించింది నువ్వేనా?" అన్నారు.

గోల విని పక్కింటాయన వచ్చాడు. సంగతి తెలియగానే ఆయన ముఖం పాలిపోయింది. "నేనసలు ఏ ల్యాబు గడపా తొక్కలేదండీ!"

"లక్షణాల్లేకుండా క్రిమిని మోసేవాళ్ళతోనే అసలు ప్రమాదం. ఇక్కడ ఏమైనా తింటుంటారా?"

"రోజూ పొద్దున్నే ఓ బన్ను..." అని నాలుక కరుచుకున్నాడు. మరుక్షణమే కడుపులో ఏదో కదులుతోందంటూ బల్లమీద కూలబడ్డాడు. అత్తగారు ఆయనకు ఆమడ దూరం జరిగారు.

ఇన్‌స్పెక్టరుకు ఇక సందేహం మిగల్లేదు. సంచిలోంచి లక్క తీశాడు. "సీలు వెయ్యక తప్పదమ్మా." కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆర్నెల్ల కష్టం కళ్ళముందే మూతపడుతోంది.

మెట్లమీద నిలబడి అంతా వింటున్న మామగారికి అది చూసి ప్రాణం ఒప్పలేదు. గబగబా దిగొచ్చారు.

"ఆగవయ్యా! ఆ మూడూ నావే."

"ఏవి మూడూ?"

"శాంపిళ్ళు. ఒక్క ల్యాబుని నమ్మి మందు మింగమంటావా? మూడు చోట్ల ఇచ్చాను. ఒకే పేరైతే ఒకళ్ళని చూసి ఒకళ్ళు రాసేస్తారని, ఒకటి ఆవిడ పేరున, ఒకటి ఈయన పేరున ఇచ్చాను."

అత్తగారి చేతిలోని చీపురు పైకి లేచింది.

ఇన్‌స్పెక్టరు నెత్తి పట్టుకున్నాడు. "ఇంతకీ మీరేం తిన్నారు?"

"ఎవరి వంటా నమ్మలేక నా గదిలో నేనే గుడ్లు ఉడకబెట్టుకుంటున్నాను. సగమే. పూర్తిగా ఉడికిస్తే బలం పోతుందని ఎవరో చెప్పారు. అదొక్కటీ నమ్మాను."

ఇన్‌స్పెక్టరు రోగుల్లో ఇద్దరిని కొట్టేసి, మిగిలిన గుడ్లను పరీక్షకని సంచిలో వేసుకున్నాడు. పక్కింటాయనకు కడుపునొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. బన్నులు పదికి ఐదు నిమిషాల ముందే బడికి చేరాయి. మామగారు ఆ పూట మొదటిసారిగా కోడలి బన్ను తిన్నారు, బాగుందని పైకే అన్నారు.

కాకపోతే, మూడు ల్యాబులూ ఒకే మాట చెప్పాయంటే ముందే కూడబలుక్కుని ఉంటాయని ఆయనకిప్పుడు కొత్త అనుమానం.