ఏడో పేజీలో పెద్ద సాయిసు

ఆ గురువారం ఉదయం విల్ఫ్ టకెట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఐదున్నరకు గుర్రాలకు మేత పెట్టాలి. బోర్డు మీద జాబితా చూసి ఎవరు ఏ గుర్రం ఎక్కాలో చెప్పాలి. తొమ్మిదింటికి టీ తాగుతూ, చేతిలో ఉన్న నవలలో హంతకుడెవరో తేల్చుకోవాలి.

ఇంగ్లండులో బెర్క్‌షైర్ కొండవాలున, రేసుగుర్రాలకు ట్రైనరైన ఫెల్‌గేట్‌గారి శాలలో విల్ఫ్ ఇరవై రెండేళ్లుగా పెద్ద సాయిసు, అంటే గుర్రాలను చూసుకునే పనివాళ్లందరికీ పెద్ద. గుర్రప్పందేల చుట్టూ తిరిగే హత్యానవలలంటే అతనికి పిచ్చి. అతనికే కాదు, శాల మొత్తానికీ ఆ పిచ్చి ఉంది. ఎవరు ఒక్క పుస్తకం కొన్నా అట్ట ఊడేదాకా యజమాని నుంచి పేడ ఎత్తేవాడి దాకా చేతులు మారేది. విల్ఫ్ అలాంటివి ఓ నలభై చదివి ఒక విషయం కనిపెట్టాడు. ఆ నవలల్లో పెద్ద సాయిసుకు రెండే గతులు. ముప్పయ్యో పేజీలోపు చావడం, లేదా చివరి పేజీలో బేడీలు వేయించుకోవడం. ఇది అతన్ని లోలోపల బాధపెట్టేది.

జీనులు పెట్టే గదిలో ఒక బోర్డు ఉండేది. ఆ రోజు పనుల జాబితాను ఫెల్‌గేట్ ముందురాత్రే టైపు చేసి, రోజూ తెల్లవారకముందే దానికి గుచ్చేవాడు. ఆ కాగితం మీద ఏముంటే అది చట్టం. నడిపించమంటే నడిపించాలి, దౌడు తీయించమంటే తీయించాలి. ఎందుకని అడిగిన సాయిసు అక్కడ నిలవలేదు. ఆ ఉదయం విల్ఫ్ కళ్లద్దాలు సవరించుకుని చదివాడు.

"గురువారం. సాయంకాలం తనిఖీ. ఆరో గది, బూడిదరంగు గుర్రం. ముందుకాలు తడమడానికి పెద్ద సాయిసు వంగుతాడు. వెనకనుంచి, మేజోడులో లాడం. ఒక్క దెబ్బ చాలు. గుర్రం తన్నిందని అందరూ నమ్ముతారు. కారణం: ఆ గుర్రం సంగతి అతనికి తెలిసిపోయింది."

మూడుసార్లు చదివాడు. ఇవాళ గురువారమే. ఆరో గదిలో ఉన్నది బూడిదరంగు సిల్వర్ థింబుల్, రేపే దానికి పందెం. ఒక అక్షరం ఎప్పుడూ వరుస దాటి పైకి ఎగిరే ఆ టైప్‌రైటరు అయ్యగారిదే. ఇక పెద్ద సాయిసంటే శాలలో తను తప్ప ఇంకొకడు లేడు.

తనకు తెలిసిపోయిన సంగతేమిటో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. థింబుల్‌కు పిప్పరమెంట్లంటే ఇష్టం. గొడుగు విప్పితే దానికి చచ్చేంత భయం. ఇంతకు మించి ఏమీ తెలియదు. ఈమాత్రం దానికి మనిషిని చంపుతారా అనుకుంటుండగా బయట అడుగుల చప్పుడైంది. కాగితం లాగి టోపీలో దాచి, ఆ టోపీ మీద స్వారీ హెల్మెట్ పెట్టి బిగించుకున్నాడు.

వచ్చింది బ్రీడా. థింబుల్ ఆలనాపాలనా చూసే ఐర్లండ్ పిల్ల.

"పెద్దాయనా, లిస్టేది?"

"ఇవాళ లిస్టు లేదు. నేనే చెప్తా. నువ్వు థింబుల్ ఎక్కు."

"లిస్టు లేకపోవడమేంటి? బాంబులు పడే రోజుల్లో కూడా లిస్టు పెట్టారని మీరే చెప్పారుగా. సరే, నడకా, దౌడా?"

అప్పుడే ఫెల్‌గేట్ చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని ఇటే వస్తూ కనిపించాడు.

"దౌడు," అన్నాడు విల్ఫ్. ఆ క్షణాన అతను ఆలోచిస్తున్నది పరుగు తీయబోయే తన కాళ్ల గురించి.

గంట తర్వాత కొండమీద బైనాక్యులర్స్ పెట్టుకుని చూస్తున్న ఫెల్‌గేట్‌కు, రేపు పందెంలో పరుగెత్తాల్సిన గుర్రం ఇవాళే ప్రాణం పెట్టి పరుగెత్తడం కనిపించింది. ఆ ఊపులో దాని కాలి లాడం ఊడి గడ్డిలో పడింది. ఫెల్‌గేట్ దాన్ని వెతికి, రుమాల్లో చుట్టి జేబులో వేసుకుని బ్రీడాను నిలదీశాడు.

"నడక అని రాశాను కదమ్మా."

"లిస్టే లేదని టకెట్‌గారు చెప్పారండీ."

"నేనే నా చేత్తో గుచ్చాను."

ఆ నలభై నవలలూ ఫెల్‌గేట్ కూడా చదివాడు. పందేనికి ముందురోజు జాబితా మాయం కావడం, గుర్రం అలసిపోవడం, శాలలో అందరికంటే నమ్మకస్తుడు నేలమీద నడుస్తూ హెల్మెట్ పెట్టుకోవడం అతనికి బాగా తెలిసిన అధ్యాయమే. ఎవరో విల్ఫ్‌ను కొనేశారు. ఇరవై రెండేళ్లుగా తన దగ్గరున్న మనిషి ఇలా చేశాడంటే అతనికి నిజంగానే బాధేసింది.

తొమ్మిదింటికి టీ దగ్గర అతను తనే స్వయంగా రెండు కప్పులు పోశాడు. "తాగు, విల్ఫ్," అన్నాడు, మొహం పరీక్షగా చూస్తూ.

"ముందు మీరు కానివ్వండి, అయ్యగారూ."

"నాకు వేడి పడదు."

"నాకూ ఈమధ్య పడట్లేదు."

ఇద్దరూ కప్పులు చల్లారేదాకా కూర్చుని, తాగకుండానే లేచి వెళ్లారు. విల్ఫ్ టీని శాల పిల్లి తాగింది. తాగి ఎండలో పడుకుంది. అది రోజూ పడుకునేదే. అయినా విల్ఫ్ అరగంటకోసారి వచ్చి దాని పొట్ట కదులుతోందో లేదో చూసి వెళ్లాడు.

పోలీసులకు చెబుదామనుకున్నాడు. కానీ నవలల్లో పోలీసులు రెండో హత్య జరిగితే గాని నమ్మరు. మొదటిది తనదయ్యేటట్టుంది. చివరికి బ్రీడాను పక్కకు పిలిచాడు.

"ఐదు దాటాక నేను కనబడకపోతే, నా టోపీలో చూడమని పోలీసులకి చెప్పు. గుర్రం తన్నిందంటారు. నమ్మకు."

"మీకు ఒంట్లో బావుందా, పెద్దాయనా?"

"ఐదింటిదాకా బానే ఉంటుంది."

బ్రీడా ఈ మాటను వంటమనిషికి మాత్రమే చెప్పింది. మధ్యాహ్న భోజనానికి అది ఫెల్‌గేట్ చెవిన పడింది. అప్పటికి అందులో మిగిలినది ఒక్క ముక్కే, విల్ఫ్ టోపీలో ఏదో దాచాడని. గుర్రానికి పొడిచే మత్తుసూదే అయి ఉంటుందని ఫెల్‌గేట్ తేల్చుకున్నాడు.

నాలుగున్నరకు తనిఖీ మొదలైంది. ఇది ఏనాడూ తప్పని ఆచారం. యజమానీ పెద్ద సాయిసూ గది తర్వాత గది తిరుగుతారు. పెద్ద సాయిసు వంగి గుర్రం కాళ్లు పైనుంచి కిందికి తడిమి వాపు ఉందేమో చూస్తాడు. యజమాని వెనక నిలబడి గుర్రానికి క్యారెట్ పెడతాడు. ఇరవై రెండేళ్లుగా రోజూ తన నడినెత్తిని ఆ మనిషి చేతికి అందేలా పెట్టానని విల్ఫ్‌కు ఇప్పుడే తెలిసింది. మొదటి ఐదు గదుల్లో వీపు గోడకు ఆనించి, పీతలా పక్కకు జరుగుతూ కాళ్లు తడిమాడు. ఫెల్‌గేట్ కూడా క్షణమైనా అతనికి వీపు చూపించలేదు.

ఆరో గది వచ్చింది. దీపం గుడ్డిగా వెలుగుతోంది.

"బ్రీడా, నువ్వెళ్లు. మేమిద్దరం చూసుకుంటాం," అన్నాడు ఫెల్‌గేట్. టోపీ సంగతి పరువుగా, నలుగురి ముందు కాకుండా అడుగుదామని అతని ఉద్దేశం. గుర్రాల గదులకుండే సగం ఎత్తు తలుపు మూసుకుంది. విల్ఫ్‌కు ఇంట్లో పొయ్యి మీద కూర పెట్టుకుని ఎదురుచూసే భార్య గుర్తొచ్చింది. పొద్దున ఆమెతో సరిగ్గా మాట్లాడనైనా లేదు.

"వంగు, విల్ఫ్."

"మీరే వంగండి, అయ్యగారూ. ఇన్నేళ్లూ నేనే వంగాను."

"ముందా హెల్మెట్ తియ్యి."

"ముందు మీరు జేబులోంచి చెయ్యి తియ్యండి."

ఫెల్‌గేట్ చెయ్యి తీశాడు. రుమాల్లో చుట్టిన లాడం బయటికొచ్చింది. ఆ వెలుగులో ఏ రుమాలైనా మేజోడులాగే కనిపిస్తుంది. విల్ఫ్ కెవ్వున అరిచి, ఒక్క గెంతులో బయటపడి, పై గడియా కింది గడియా పెట్టేశాడు.

"డాఫ్నీ, పోలీసుల్ని పిలువు," అని లోపల్నించి అరిచాడు ఫెల్‌గేట్.

"అమ్మగారూ, పోలీసుల్ని పిలవండి," అని బయటినుంచి అరిచాడు విల్ఫ్.

ఫెల్‌గేట్ భార్య డాఫ్నీ వేళ్లకు సిరాతో పరుగున వచ్చింది. "పోలీసుల సంగతి తర్వాత," అంది రొప్పుతూ. "పొద్దున్నించీ ఇల్లంతా వెతుకుతున్నాను. నా ఏడో పేజీ ఎవరైనా చూశారా?"

విల్ఫ్ హెల్మెట్ తీశాడు, టోపీ తీశాడు, కాగితం తీసి చేతికిచ్చాడు. ఆమె దాన్ని తిప్పింది. వెనకవైపు ఆ రోజు జాబితా ఉంది. 'సిల్వర్ థింబుల్: నడక.' రాత్రి భర్త టైపు చేసి పెట్టిన దాన్ని పాత జాబితా అనుకుని, కాగితం వృథా కావడం ఇష్టంలేక, ఆమె అదే టైప్‌రైటరు మీద దాని వెనకవైపు తన నవల ఏడో పేజీ కొట్టుకుంది. పొద్దున కళ్లజోడు లేకుండా లేచిన భర్త దాన్ని తిరగేసి గుచ్చాడు.

"మీరు నవల రాస్తున్నారా?" అన్నాడు విల్ఫ్.

"రెండేళ్లుగా. మీరంతా నవ్వుతారని చెప్పలేదు."

సగం తలుపు మీదుగా ఫెల్‌గేట్ తల బయటికి వచ్చింది. "హంతకుడెవరు?"

"ట్రైనర్," అంది డాఫ్నీ.

"నేనా?"

ఆమె భర్తను పట్టించుకోలేదు. విల్ఫ్ వైపు బెరుగ్గా చూసింది. "నిజం చెప్పు విల్ఫ్, భయమేసిందా?"

"పొద్దున్నించీ టీ తాగలేదమ్మగారూ."

రెండేళ్లలో తన రాతకు దొరికిన మొదటి మెప్పు అది. ఆమె మొహం వెలిగిపోయింది. విల్ఫ్‌కు మాత్రం కోపం అప్పుడే వస్తోంది. "నన్ను చంపొద్దమ్మగారూ," అన్నాడు. "కాగితంమీదైనా సరే. అందులోనూ ఏడో పేజీ అంటే మరీ అన్యాయం." చంపనని ఆమె మాటిచ్చింది. ఈలోగా థింబుల్ ఫెల్‌గేట్ జేబులోని క్యారెట్లన్నీ తినేసింది.

మర్నాడు కొత్త లాడంతో, అలసిన కాళ్లతో థింబుల్ పందెంలో దిగింది. చివరి మలుపు దాకా అందరికంటే వెనకే ఉంది. అక్కడ వాన మొదలై జనం ఒక్కసారిగా గొడుగులు విప్పారు. థింబుల్ ఎనిమిది గుర్రాలను దాటుకుని గీత దాటి, ఆపినా ఆగకుండా ఇంకో అరమైలు పరుగెత్తింది. గెలుపు రహస్యమేమిటని పత్రికలవాళ్లు అడిగితే ఫెల్‌గేట్ తన శిక్షణ గురించి చెప్పాడు. విల్ఫ్ పక్కనే నిలబడి, తనకు తెలిసిన గొడుగు సంగతి నిజంగానే మనిషిని చంపించేంతటిదని గ్రహించి నోరు మూసుకున్నాడు.

రెండేళ్లకు డాఫ్నీ నవల అచ్చయింది. మొదటి ప్రతి విల్ఫ్‌కే ఇచ్చింది, మాట నిలబెట్టుకున్నానని చెప్పి మరీ. అతను ఇంటికి తీసుకెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, తిన్నగా చివరి పేజీ తెరిచాడు. పెద్ద సాయిసు చేతులకు బేడీలు పడ్డాయి. విల్ఫ్ హమ్మయ్య అనుకుని టీ పెట్టుకున్నాడు.