మా ఇంట్లో పనిచేయని చెవి మిషన్

మనిషి కనిపెట్టిన వాటిలో అన్నిటికంటే గొప్పది ఏది? నిప్పు అంటారు కొందరు, చక్రం అంటారు ఇంకొందరు. పాపం, వాళ్ళెవరూ చప్పుడుని చంపే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూసినట్టు లేదు. నా మాటతో ఏకీభవించని పాఠకులుంటే ఇప్పుడే బిగ్గరగా చెప్పండి. నాకెలాగూ వినపడదు.

తమాషాకి అంటున్నానని అనుకోకండి. ఆ బుల్లి వస్తువు లోపల ఎంత శాస్త్రం ఉందో తెలుసా? అందులో ఒక మైకు ఉంటుంది. అది బయటి చప్పుడుని విని, దానికి సరిగ్గా ఎదురు చప్పుడుని పుట్టిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుని చల్లారతాయి. అంటే గొడవని గొడవతోనే అణచడం అన్నమాట! మా ఇంట్లో ఇన్నేళ్ళుగా మేమూ ఈ పద్ధతే ప్రయత్నించాం గానీ, మా దగ్గర రెండు గొడవలు కలిసి మూడోదాన్ని కనేవి. ఇంజనీర్లు ఎక్కడో మాకంటే మెరుగ్గా ఆలోచించారు.

ఇక శబ్దకాలుష్యం సంగతి. దానివల్ల రక్తపోటు పెరుగుతుందని డాక్టర్లు రాస్తున్నారు. నగరాల్లో పక్షులు ట్రాఫిక్ మీద నెగ్గడానికి గొంతు పెంచి పాడుతున్నాయని శాస్త్రవేత్తలు రాస్తున్నారు. చదివి జాలిపడ్డాను. పక్షులకి తెలివి లేక గొంతు పెంచుకున్నాయి, మేం తెలివైనవాళ్ళం కాబట్టి చెవులు మూసుకున్నాం. కాలుష్యం తగ్గించడానికి చట్టాలెందుకు, కమిటీలెందుకు, ప్లకార్డులెందుకు? వినడం మానేస్తే పోలా? ఈ ఉపాయం పొగకీ, మురికినీటికీ కూడా పనికొచ్చే రోజు కోసం ఎదురుచూస్తున్నాను.

మా పై అంతస్తులో ఒకాయన ఉన్నారు. మేం ఆయన్ని డ్రిల్లుబాబు అంటాం. పొద్దున కాఫీ తాగగానే గోడకి కన్నాలు వేయడం మొదలుపెడతారు. ఆ ఇంట్లో ఇప్పటికి గోడకంటే కన్నాలే ఎక్కువ ఉండాలి. ఇదివరకు నేను పైకెళ్ళి పోట్లాడేవాణ్ణి. ఇప్పుడు లిఫ్టులో ఎదురుపడితే ఒకరినొకరు చూసి హాయిగా నవ్వుకుంటున్నాం. ఆయన చెవుల్లో కూడా నావిలాంటివే ఉన్నాయి. తన డ్రిల్లు గోల తనే భరించలేక కొనుక్కున్నారట!

ఇంట్లో శాంతి గురించి చెప్పాలంటే ఈ పేజీ చాలదు. మా ఆవిడ ఇంటి నుంచే ఒక కంపెనీకి పనిచేస్తుంది. ఫోన్లో కస్టమర్ల ఫిర్యాదులు వినడమే ఆమె ఉద్యోగం. పని అయిపోగానే ఆఫీసు హెడ్‌సెట్ తీసి సొంత ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటుంది. అందులో పాటలేమీ రావు. ఏమీ రాకపోవడమే కావాలంటుంది. మా అమ్మాయి వీడియోలకి సంగీతం అతికించే పని చేస్తుంది కాబట్టి ఆ పిల్ల చెవులు ఎలా ఉంటాయో నేను చూసి చాలా కాలమైంది. నేను రచయితని, నాకు ఏకాగ్రత కావాలి. కనక నాకూ ఒక జత.

పెళ్ళాం మాట పెడచెవిన పెట్టడానికి పాతకాలం మగవాళ్ళు ఎంత కష్టపడేవారో గుర్తుందా? పేపరు అడ్డం పెట్టుకోవాలి, నిద్ర నటించాలి, దగ్గాలి. ఇప్పుడా శ్రమ లేదు. ఆమధ్య మా ఆవిడ గుమ్మంలో నిలబడి నాతో చాలాసేపు ఏదో అంది. నేను తలూపాను. తను సంతోషంగా వెళ్ళిపోయింది. దేనికి ఒప్పుకున్నానో అప్పుడు తెలియలేదు, తర్వాత హాల్లోకి కొత్త సోఫా వచ్చినప్పుడు తెలిసింది. మామూలుగా అయితే ఆ సోఫా మీద మాకు పెద్ద యుద్ధం జరగాలి. ఇప్పుడు దానిమీద కూర్చుని ఎవరి ప్రశాంతత వాళ్ళం అనుభవిస్తున్నాం.

భోజనానికి పిలవడం కూడా లేదు. ఇంటి గ్రూపులో కంచం బొమ్మ వస్తుంది. మేం బొటనవేలు బొమ్మ పెట్టి వెళ్ళి తింటాం. ఒకసారి మాత్రం కుక్కర్ విజిల్స్ ఎవరూ లెక్కపెట్టలేదు. ఒకరు వింటున్నారులే అని ఇంకొకరం అనుకున్నాం. మాడు వాసన గదుల్లోకి వచ్చాక గానీ ఎవరమూ లేవలేదు. వాసనని చంపే ముక్కుఫోన్లు ఇంకా కనిపెట్టకపోవడం సైన్సు వైఫల్యమే తప్ప మాది కాదు.

ఆ లోటు తీర్చడానికే కాబోలు, ఇప్పుడు కృత్రిమ మేధ కూడా చెవిలో దూరింది. ఏ చప్పుడు లోపలికి రావాలో, ఏది రాకూడదో మనమే చెప్పుకోవచ్చు. మాడిన కుక్కర్ చూశాక మా ఆవిడ ఆ కొత్త రకం తెప్పించుకుంది. ఓరోజు దాని సెట్టింగులు నా కంటపడ్డాయి. కుక్కర్ విజిల్‌కి అనుమతి ఉంది. డోర్ బెల్‌కి ఉంది. పిల్లి అరుపుకి కూడా ఉంది. మా ఇంట్లో పిల్లి లేదు. నా గొంతుకి మాత్రం లేదు.

ఇదేమిటని మెసేజ్ పెట్టి అడిగాను. మనుషుల గొంతులు ఒక్కొక్కటీ రికార్డు చేసి ఎక్కించాలట, ఖాళీ దొరకలేదట. పిల్లి దానంతటదే వచ్చిందట. సమాధానం చాలా సహేతుకంగా ఉంది కాబట్టి నేను నొచ్చుకోలేదు.

ఇంత చల్లని సంసారంలో ఒకే ఒక్క సమస్య వచ్చింది. అది మా అత్తయ్యగారి చెవి మిషన్.

అత్తయ్యగారు, అంటే మా ఆవిడ తల్లి, మాతోనే ఉంటారు. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. హెడ్‌సెట్ తగిలించుకుని, బోర్డులో తీగలు గుచ్చుతూ, ఒక ఊరి గొంతుని ఇంకో ఊరి చెవిలో వేసేవారు. అవతలి మనిషి 'హలో' అనగానే అన్నం తిన్నాడో లేదో చెప్పగలిగేవారట. అలాంటి మనిషికి కొన్నేళ్ళుగా వినికిడి తగ్గిపోయింది. టీవీ సౌండు పెంచుతూ పోయారు. నిజం చెప్పాలంటే మా ఇంట్లోకి మొదటి ఇయర్‌ఫోన్లు ఆ టీవీ దెబ్బకే వచ్చాయి.

ఆ సంగతి అత్తయ్యగారికీ అర్థమైంది. చెవిలో మిషనా, నాకేం ఖర్మ అని ఎన్నాళ్ళుగానో మొండికేసిన మనిషి, తనవల్లే ఇంటిల్లిపాదీ చెవులు మూసుకున్నారని బాధపడి, ఒకరోజు తనే అడిగారు. తీసుకెళ్ళాను. దుకాణంలో పనిచేసే అమ్మాయి చాలా ఓపికగా పరీక్షలు చేసి, గింజంత మిషన్ చెవిలో పెట్టింది. అత్తయ్యగారు తలెత్తి పైకి చూశారు. ఫ్యాను కిర్రుమంటోందని అన్నారు. తర్వాత పక్క కౌంటర్లో ఎవరో గుసగుసలాడితే అటు తిరిగి నవ్వారు. దారిలో కారు హారన్లు కూడా ముచ్చటగా విన్నారు. మీ అందరి కబుర్లూ ఇక వినొచ్చు కదా అని నాతో అన్నారు. ఆ మాట నేను ఒక చెవిది తీసి మరీ విన్నాను.

ఇంటికొచ్చి కొత్త సోఫాలో, అందరి గదుల తలుపులూ కనపడేలా కూర్చున్నారు. టీవీ కట్టేశారు. చాలాసేపు అలాగే కూర్చున్నారు. తర్వాత నా గదికొచ్చి భుజం తట్టి, మిషన్ పనిచేయడం లేదని చెప్పారు.

వారంటీ ఉందిగా, ఊరుకుంటానా? వెంటనే దుకాణానికి తీసుకెళ్ళాను. ఆ అమ్మాయి పరీక్షించింది. భేషుగ్గా పనిచేస్తోంది. ఇంటికొచ్చాం. పనిచేయడం లేదు. బ్యాటరీ మార్పించాం. దుకాణంలో పనిచేసింది, మెట్ల దగ్గర పనిచేసింది, మా గుమ్మం దాటగానే ఆగిపోయింది. మిషనే మార్పించాం. కొత్తదీ అంతే! గోడల్లో ఇనుము ఎక్కువైందేమోనని నేను, వైఫై తగాదా అని మా అమ్మాయి, అమ్మే సరిగ్గా పెట్టుకోవడం లేదని మా ఆవిడ, గ్రూపులో పెద్ద చర్చే జరిపాం. ముగ్గురికీ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది. తప్పు దుకాణానిదే.

ఇలాంటి మోసాలని ఎండగట్టడానికే కదా నాలాంటివాళ్ళున్నది! ఆ దుకాణానికి ఇంటర్నెట్‌లో ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చాను. వయసు మీదపడిన ఆడమనిషి ఆశతో ఆడుకుంటున్నారని ఘాటుగా రాశాను. చదివి ఆ అమ్మాయి కంగారుపడి ఫోన్ చేసింది. ఒకసారి ఇంటికొచ్చి చూస్తానంది. రమ్మన్నాను, వస్తే నిలదీయాలని ప్రశ్నలు కూడా తయారుచేసుకున్నాను.

ఆ పిల్ల అనుకున్నదానికంటే ముందే వచ్చింది. అప్పుడు మా ఆవిడ ఆఫీసు కాల్‌లో ఉంది. మా అమ్మాయి వీడియోలో మునిగి ఉంది. నేను గదిలో కూర్చుని ఈ వ్యాసం మొదటి సగం రాస్తున్నాను. పని చాలా ప్రశాంతంగా సాగింది. తర్వాత ఫోన్ చూసుకుంటే, హాల్లో ఎవరో తిరిగారని కెమెరా కబురు పెట్టింది. పార్సిళ్ళు పోకుండా పెట్టించిన కెమెరా అది. మా ఇంట్లో ఏం జరిగిందో నేను అలాగే తెలుసుకున్నాను, ఇయర్‌ఫోన్లలో, చాలా స్పష్టంగా.

బెల్ మోగగానే తలుపు తీసింది అత్తయ్యగారే. ఆ అమ్మాయి ఆవిణ్ణి సోఫాలో కూర్చోబెట్టి, తను దూరంగా వంటింటి గుమ్మం దగ్గరకెళ్ళి, అటు తిరిగి నెమ్మదిగా ఏదో అంది.

"ఏమన్నాను బామ్మగారూ?"

"గోడ గడియారం వెనకబడిందన్నావు. నిజమే, ఎవరూ చూడటం లేదు."

ఆ అమ్మాయి తిరిగొచ్చి పక్కనే కూర్చుంది. కాసేపు చుట్టూ చూసింది. చెవి ఒగ్గి వింది కూడా. అప్పుడు అడిగింది.

"ఇంట్లో ఎవరూ లేరా అండీ?"

"అందరూ ఉన్నారమ్మా," అన్నారు అత్తయ్యగారు.

 ఆ పిల్ల ఇక మిషన్ సంగతి ఎత్తలేదు. మీరేం చేసేవారని అడిగింది. అత్తయ్యగారు ఎక్స్‌ఛేంజి గురించి చెప్పారు. లైను కలవక ఏడ్చినవాళ్ళని, కలిశాక మాటలు రాక ఏడ్చినవాళ్ళని, అర్ధాంతరంగా లైను తెగితే తననే అక్కయ్యనుకుని కబుర్లన్నీ చెప్పేసిన ఒకావిణ్ణి గుర్తుచేసుకున్నారు. అది చెప్పి పకపకా నవ్వారు. ఆ నవ్వు నేను విని ఎంత కాలమైందో! రికార్డింగుని వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. 

ఆ అమ్మాయి నన్ను కలవకుండానే వెళ్ళిపోయింది. నా ప్రశ్నలన్నీ వృథా అయ్యాయి. కాసేపటికి అత్తయ్యగారు నా గదికొచ్చి భుజం తట్టారు. నేను రెండు చెవులవీ తీశాను.

"మిషన్ బాగానే ఉందట అల్లుడుగారూ. దీన్ని వాపసు ఇచ్చేయండి."

"బాగుంటే వాపసు ఎందుకండీ?"

"ఇంతకుముందు మీరంతా మాట్లాడుకుంటున్నారు, నాకే వినపడటం లేదు అనుకునేదాన్ని. అలాగే ఉంటే బాగుండేది."

కోపంగా అనలేదు. రాంగ్ నంబరు చెప్పినవాళ్ళకి ఆపరేటరు నచ్చజెప్పినట్టు అన్నారు. అని, వెళ్ళి సోఫాలో కూర్చున్నారు.

పాఠకులారా, పేరున్న రచయితగా నేను దీనికి దీటైన జవాబు చెప్పాలి. శబ్దకాలుష్యం, రక్తపోటు, పక్షులు, నా దగ్గరున్న వాదనలన్నీ తిరగేశాను. ఒక్కటీ పనికిరాలేదు. మొదట ఆ దుకాణానికి ఇచ్చిన నక్షత్రాన్ని సరిచేసి అయిదు చేశాను. తర్వాత ఇయర్‌ఫోన్లు డబ్బాలో పెట్టి, ఈ విషయం మాట్లాడదామని వంటింట్లో ఉన్న మా ఆవిణ్ణి పిలిచాను.

పలకలేదు. దగ్గరకెళ్ళి పిలిచాను. కూర తరుగుతూ ఉండిపోయింది. మా అమ్మాయి తలుపు కొట్టాను, తీయలేదు. మెసేజ్ పెట్టొచ్చు, కానీ బొటనవేలు బొమ్మ వస్తుందని తెలుసు. నా ఇంట్లో నా గొంతుకి అనుమతి లేదన్న సంగతి అప్పుడు, ఆ వంటింటి గుమ్మంలో, కాస్త నొప్పిగానే గుర్తొచ్చింది. దానితోపాటు అనుమతి దేనికుందో కూడా గుర్తొచ్చింది.

పిల్లిలా అరుద్దామా అని ఒక్క క్షణం ఆలోచించిన మాట నిజం. పరువు అడ్డొచ్చింది. చెప్పులేసుకుని, బయటికెళ్ళి, తలుపు దగ్గరికి లాగి, మా ఇంటి బెల్ నేనే కొట్టాను.

తలుపు తీసింది అత్తయ్యగారు. నన్ను చూసి ఆశ్చర్యపోయారు. మాట్లాడదామని వచ్చానండీ అన్నాను. ఈలోగా వెనక నుంచి మా ఆవిడ, ఒక చెవిది తీసి చేత్తో పట్టుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎవరమ్మా వచ్చింది?"

"మీ ఆయనే," అన్నారు అత్తయ్యగారు. "లైన్లో ఉన్నారు. మాట్లాడు."