ఏడో నిమిషంలో మారిన మనసు

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. అంత దూరాన కూర్చుంటే సగమే వినపడుతుంది, మిగతా సగం మీరే కల్పించుకుంటారు.

ఒక బట్టలు కుట్టే కార్ఖానాలో గుండీలమ్మ అని ఒకావిడ ఉండేది. చొక్కాలకు గుండీలు కుట్టడం ఆవిడ పని. ఆవిడ మొగుడు అక్కడే కటింగు మాస్టారు. గుబురు మీసాలు, బండరాయిలాంటి ముఖం, మనిషి మాత్రం వెన్నముద్ద. గుడ్డకు ఎక్కడ నొప్పి పుడుతుందో అన్నట్టు కత్తిరించేవాడు.

కార్ఖానాలో నాటకం వేసే శనివారం పొద్దున గుండీలమ్మ పథకం చిన్నదే. వంట తెమల్చడం, మొగుడి చేత ఒక్క మాట కోపంగా అనిపించడం, ఇద్దరూ కలిసి పనికి బయల్దేరడం.

"ఏదీ, అనండి. 'పో బయటికి!'"

"పో... మెల్లిగా పో. మెట్లు తడిగా ఉన్నాయి."

"నాటకంలో మెట్లు లేవండీ!"

"ఇంట్లో ఉన్నాయిగా."

"సరే, మీ పెద్ద కత్తెరతో నేను అట్టపెట్టె కోశాననుకోండి. కోపం రాదూ?"

మాస్టారి ముఖం పాలిపోయింది. "కోశావా?"

"కోశాను."

"పోన్లే. సాన పట్టిస్తాను."

ఆవిడ తల పట్టుకుంది. నెల రోజులుగా భోజనాల వేళ ఒక టీచరమ్మ వచ్చి వాళ్ళకు నాటకం నేర్పుతోంది. పాత్రలు, సంభాషణ, సంఘర్షణ, ముగింపు అని కటింగు బల్ల మీద సుద్దతో రాసి, "సంఘర్షణ లేని నాటకం గుండీలు లేని చొక్కా" అంది. ఆ ఒక్క మాటతో గుండీలమ్మకు నాటకం ఒంటబట్టింది. నేర్పిన కథ పాతదే. కష్టాల్లో వచ్చిన అక్కను తమ్ముడు గెంటేస్తాడు, చివరి రంగంలో మనసు మారి కాళ్ళ మీద పడతాడు. మీసాలు చూసి తమ్ముడి వేషం మాస్టారికిచ్చారు. అక్క గుండీలమ్మ. ఓనరు మాత్రం ముందే తేల్చేశాడు, నాటకం జనాన్ని గంటసేపు కూర్చోబెడితేనే క్లాసు ఉంటుంది, లేకపోతే ఇవాళే ఆఖరు. మనసారా మాట్లాడుకునే ఆ వేళ పోతుందేమోనని గుండీలమ్మ ప్రాణం కొట్టుకుంటోంది.

మధ్యాహ్నం నాలుగు కటింగు బల్లలు కలిపి వేదిక చేశారు. తెర లేచింది. గుండీలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, "తమ్ముడూ, నాకింక ఎవరున్నార్రా!" అని నిజం కన్నీళ్ళు పెట్టుకుంది. మాస్టారి మీసాలు వణికాయి. 'పో బయటికి' అనాల్సినవాడు ఢమాల్న కాళ్ళ మీద పడ్డాడు.

"అక్కా! నా కళ్ళు తెరుచుకున్నాయి, క్షమించు!"

అది చివరి రంగంలో మాట. తెర లాగడానికి నిలబడ్డ ఇస్త్రీ బాబాయికి, తమ్ముడు కాళ్ళ మీద పడగానే తెర దించమని చెప్పారు. దించేశాడు. ఓనరు గడియారం చూసుకున్నాడు. "ఏడు నిమిషాలు! దీనికా నెల రోజులు?"

తెర వెనక టీచరమ్మ గొల్లుమంది. "సంఘర్షణ ఏదండీ మాస్టారూ!"

గుండీలమ్మ ఒక్క గుంజు గుంజి తెర తీసింది. "లే! నేను క్షమించను!"

మాస్టారు బిత్తరపోయాడు. "ఏమే, నేనేం చేశానే?"

"ఏమే ఏంటి? నేను నీ అక్కను! పో బయటికి!"

ఎన్నాళ్ళనించో నేర్పుతున్న మాట కదా, గోడలు అదిరేలా వచ్చింది. పాపం మాస్టారు బల్లలు దిగి, కార్ఖానా దాటి, నిజంగానే బయటికి పోయాడు. ఇక చూడండి. చూస్తున్న పనివాళ్ళలో మగవాళ్ళంతా "క్షమించెయ్యమ్మా" అని, ఆడవాళ్ళంతా "ససేమిరా వద్దు" అని రెండు జట్లుగా లేచారు. గుండీలమ్మ ఒక్కొక్కరికీ జవాబు చెబుతూ, తమ్ముడు చిన్నప్పటినించీ చేసిన ఘోరాలు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయింది. బాబాయి తెర తాడు వదిలేసి ముందు వరుసలో చేరాడు.

చివరికి ఓనరే కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. "చాలమ్మా! పెద్దాయన ఎండలో నిలబడ్డాడు. ఈసారికి వదిలెయ్!"

"మధ్యలో నువ్వెవరయ్యా?" అనేసింది గుండీలమ్మ. అన్నాక గానీ ఎవరినందో తెలియలేదు. క్లాసుతో పాటు ఉద్యోగమూ పోయిందనుకుంది.

ఓనరు, "నేను... పక్కింటివాణ్ణమ్మా" అన్నాడు.

అని ఊరుకోలేదు. తనే బయటికెళ్ళి, మాస్టారి చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించాడు. గుండీలమ్మ మొగుడి నుదుటి చెమట కొంగుతో తుడిచి, "క్షమించాన్లే తమ్ముడూ" అంది. బాబాయి పరుగెత్తి తెర దించేసరికి గంటా పది నిమిషాలైంది.

క్లాసు నిలబడింది. సోమవారం పొద్దున్నే ఓనరు టీచరమ్మను గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి ఒక్కటే అడిగాడట, వచ్చే నాటకంలో పక్కింటివాడికి మాటలు కాస్త ఎక్కువ రాయమని.

గుర్తుపెట్టుకుని మీవాళ్ళకు కూడా చెప్పండర్రా. ఒకవేళ ఆ ఓనరుకే చెప్పాల్సి వస్తే, కథంతా పక్కింటివాడిదే అనండి, ఇప్పుడాయన కూడా అలాగే చెబుతున్నాడు.