ఎవరి టూల్ లైబ్రరీ వాళ్లకే ఉండవలె

మా పక్కింటి లక్ష్మక్క గోడ మీద మోచేతులు ఆనించి చెప్పిన సంగతి ఇది. ఓర్వకల్లు దగ్గర శివశంకర్ ఫ్యాక్టరీలో పండగ మర్నాడు మిషను పొలికేక పెట్టిందట. "కొత్తగా వచ్చిన ఆలూరు పాప కంప్యూటర్లో పాత పేర్లన్నీ చెరిపేసిందంట. పెద్దోళ్లు పెట్టిన పేర్లు చెరిపితే మిషను ఊరకుంటాదా?" అంది. ఆమెకు చెప్పింది ఆ మిషను నడిపే వీరేష్, ఆమె మేనల్లుడే. వీరేష్‌కు ఎవరు చెప్పారో అతను చెప్పలేదు.

నేను లక్ష్మక్క పక్షం. ఫ్యాక్టరీలో టూల్ లైబ్రరీ ఎంత గందరగోళంగా ఉంటే లోకానికి అంత క్షేమం! నవ్వకండి, నిరూపిస్తాను.

తెలియనివారి కోసం ఒక మాట. ఇనుమును చెక్కే మిషన్లో రకరకాల కట్టర్లు వేటి గూట్లో అవి కూర్చుని ఉంటాయి. ఏ గూట్లో ఏది ఉంది, ఎంత లావు, ఎంత పొడుగు అని కంప్యూటర్లో రాసి పెడతారు. అదే టూల్ లైబ్రరీ. ఫలానా గూటిది తీసుకోమని కంప్యూటర్ చెబితే మిషన్ మారుమాట లేకుండా తీసుకుంటుంది. సంతలో ఎద్దును కొనేవాడిలా పళ్లు లెక్కబెట్టి చూసుకోవడం దానికి రాదు.

శివశంకర్ ఫ్యాక్టరీలో ఈ లైబ్రరీ మహా సుభిక్షంగా ఉండేది. ఒకే కట్టర్‌కు 'పెద్దది', 'పెద్దది కొత్త', 'పెద్దది కొత్త అసలైనది', 'ఓబుళేశుది, ముట్టొద్దు' అని ఇన్ని పేర్లు. ఆ ఓబుళేశు ఉద్యోగం మానేసి గండికోటలో టూరిస్టులకు టెంట్లు అద్దెకిచ్చుకుంటున్నాడు. ఆ కట్టర్ కూడా ఎప్పుడో విరిగింది. అయినా పేరు తీయలేదు. మనిషి కాలం చేసినా రేషన్ కార్డులో పేరు ఉంచుకునే మర్యాదస్తులం. కట్టర్‌కు ఆ మర్యాద చేస్తే తప్పా?

పైగా ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఎవరి లైబ్రరీ వాళ్లకే. అన్నదమ్ములు పొలం పంచుకుని గట్టు వేసుకున్నట్టు. గట్టు దగ్గర తగాదా వస్తుందంటారా? వస్తుంది. గట్టే లేకపోతే తగాదా పడటానికి చోటేదీ?

లాభాలు చూడండి. తన లైబ్రరీ తనకు తప్ప ఇంకొకరికి అర్థం కానివాణ్ణి ఏ యజమాని తీసేయగలడు? అత్తగారింటికి పోయినా 'ఆ కట్టరేదప్పా' అని ఫోన్లు వస్తాయి, అల్లుడికి ఆ పూట ఇంకో ముక్క పడుతుంది. పాత కొలత నమ్మి కట్టర్ విరిగితే కట్టర్ల షాపు బతుకుతుంది. జాబ్, అంటే చెక్కే ముక్క, చెడితే పాత ఇనుము కొనేవాడు బతుకుతాడు. ఇందరి కడుపు కొట్టి ఒక్క సరైన పట్టీ తయారుచేయడం న్యాయమేనా?

అలాంటి పచ్చని సంసారంలోకి శివజ్యోతి వచ్చింది. ఆలూరు పక్క పల్లె, ఇంజనీరింగ్ చదువు, ఇంకా పర్మనెంట్ కాని ఉద్యోగం. ఉన్నచోట ఉండకుండా కట్టర్లన్నీ కొలిచింది. లేనివాటి పేర్లు తీసేసింది. అందరికీ ఒకటే లైబ్రరీ చేసింది. ఏ కట్టర్ ఏ గూటిదో దాని మీదే చీటీ కూడా అంటిద్దామంది.

"చీటీలుంటే పూజకు బాగుండదమ్మా, పండగ అయిపోనీ," అన్నాడు శివశంకర్.

ఆయుధపూజ సంగతి మీకు కొత్తగా చెప్పాలా? ఆటోకు అరటి పిలక, బోరు మోటారుకు బొట్టు. శివశంకర్ ఏటా మిషన్ మీదే కుంకుమ పెట్టి ఊరుకునేవాడు. ఈ ఏడు ఒక పంపుల కంపెనీ ఆర్డర్ వచ్చేలా ఉంది కాబట్టి భక్తి ముదిరింది. కట్టర్లన్నీ గూళ్లలోంచి తీయించి, తుడిపించి, పసుపు కుంకుమ పెట్టి, బడి ఫోటోలో పిల్లల్ని నిలబెట్టినట్టు పొట్టివి ముందు, పొడుగువి వెనక పేర్చాడు. హారతయ్యాక, యజమాని చేతులతోనే పెట్టాలని, అదే వరసలో పొట్టిది మొదలు పొడుగుదాని దాకా గూళ్లలో తానే పెట్టాడు. చూడముచ్చటగా ఉందని ఫోటో తీసి అందరి ఫోన్లకూ పంపాడు.

మర్నాడు పంపు శాంపిల్ మొదలైంది. కంప్యూటర్ పొట్టి కట్టర్‌ను పిలిచింది. ఆ గూట్లోంచి పొడుగాటిది వచ్చింది. పొట్టిదాని కొలతతో దిగి, నేరుగా జాబ్‌లో పొడుచుకుంది. లక్ష్మక్క చెప్పిన పొలికేక అదే. శాంపిల్ పోయింది, ఆర్డర్ హోసూరులో ఇంకో ఫ్యాక్టరీకి పోయింది.

విషయం కనుక్కుందామని నేను పోయేసరికి ఆఫీసులో విచారణ నడుస్తోంది. ఒకవైపు శివజ్యోతి. తక్కినవాళ్లంతా ఇంకోవైపు.

"ఏమప్పా వీరేషూ, పాత లైబ్రరీ ఉన్నప్పుడు ఎప్పుడన్నా ఇట్లయిందా?" అన్నాడు శివశంకర్.

"కట్టర్లు విరుగుతాండె అన్నా. ఇంత సప్పుడు ఎప్పుడూ రాల్యా."

"చూస్తివా మరి. ఆ గజిబిజిలోనే మనకు బాగుండె."

నా వాదన ఇప్పటికి మీ తలకెక్కి ఉంటుంది. ఎవరి లైబ్రరీ వాళ్లకున్నప్పుడు విరిగిన కట్టర్ నేరం దిష్టి మీదకు పోయేది. దిష్టిని ఉద్యోగంలోంచి తీసేయనక్కర లేదు. ఒకటే లైబ్రరీ ఉంటే అట్లా కాదు. తప్పు ఎక్కడ పుట్టిందో అడుగుజాడ పట్టుకుని వెనక్కి పోవచ్చు. ఆ జాడ ఎవరి కుర్చీ దగ్గర ఆగుతుందో గదిలో ఉన్న అందరికీ తెలుసు. అందుకే ఎవరూ కదల్లేదు. నేను కూడా వాళ్లిచ్చిన టీ తాగుతూ ఫ్యాను వైపు చూశాను.

శివశంకర్ గొంతు మెత్తబడింది. "పాతదే పెట్టుకుందాంలేమ్మా. నీ మింద నేనేమీ రాయను. పొరపాటైంది, ఉద్యోగం మానుకుంటాండా అని నువ్వే రాసిచ్చి పో. ఇంకోచోట ఉద్యోగానికి నీకూ మర్యాదగా ఉంటాది. ఏమంటావు?"

"నేను రాయను సార్. గూళ్లు తారుమారు చేసింది మీరు."