ఎడమ భుజానికి దాఖలా లేదు

దెబ్బ తగిలించుకోదలచినవాళ్ళకు నా సలహా ఒకటే. సొంత ఊళ్ళో తగిలించుకోకండి. శుభ్రంగా పాస్‌పోర్టు తీసుకుని, వీసా వేయించుకుని, పరాయి దేశం వెళ్ళి అక్కడ కారు కింద పడండి.

ఎందుకంటారా? సొంత ఊళ్ళో తగిలిన దెబ్బకు విలువేముంది? పక్కింటాయన వచ్చి "అయ్యో" అంటాడు. కట్టు కడతారు, మానిపోతుంది. నాలుగో నెల నుంచి పలకరించే నాథుడుండడు. పరాయి దేశపు దెబ్బ అలాంటిది కాదు. మా అక్క భుజానికి మూడేళ్ళు నిండేదాకా దాని యోగక్షేమాలు విచారిస్తూ మంచి కాగితం మీద ఉత్తరాలు వచ్చాయి!

మా అక్క టైలరు. పెద్ద షాపులో కటింగ్ మాస్టరు. పుట్టుకతో ఎడమచేతి వాటం. గుడ్డకు కూడా తెలియకుండా కోసేస్తుందని వాళ్ళ యజమాని అనేవాడు. మా బావ బళ్ళో డ్రిల్లు మాస్టారు. ఇద్దరూ పదేళ్ళు కూడబెట్టుకుని పది రోజుల విదేశీ యాత్రకు వెళ్ళారు.

మూడో రోజున రోడ్డు దాటడానికి నిలబడ్డారు. పచ్చ లైటు వెలిగింది. అక్క రెండడుగులు వేసింది. ఎడమ వైపు నుంచి కారొచ్చి గుద్దింది. ఎడమ భుజం ఎముక విరిగింది.

కారు నడిపింది ఓ ముసలావిడ. దిగి, రోడ్డు మీదే కూలబడి, తన కోటు విప్పి మా అక్కకు కప్పింది. పోలీసులు రాగానే తప్పు తనదేనంది.

"తప్పు ఒప్పుకున్నాక ఇంకేముందిరా, మేం ఇల్లు చేరేలోపు పరిహారం వచ్చేస్తుంది" అన్నాడు బావ నాతో ఫోనులో. పాపం, ఆయన చూసిన తప్పులన్నీ గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లతో తీరిపోయినవే.

అక్కడి డాక్టర్లు ఎముకను తాత్కాలికంగా నిలబెట్టి, ఊరెళ్ళాక ఆర్నెల్లలోపు ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఊరొచ్చాక మేం ముందు వెళ్ళింది వకీలు దగ్గరికి. ఇలాంటి కేసుల్లో ఆయన దిట్ట అని పేరు.

"క్లెయిము తేలేదాకా ఆ భుజం జోలికి పోకండమ్మా. ఆపరేషన్ చేయిస్తే సాక్ష్యం చెడిపోతుంది" అన్నాడాయన.

"ఎన్నాళ్ళు పడుతుందండీ?" అంది అక్క.

"ఎంత, మహా అయితే మూడు నెలలు."

ఆసుపత్రి రిపోర్టు ఆ దేశపు భాషలో ఉంది. గుర్తింపు పొందిన అనువాదకుడి చేత తర్జుమా చేయించి, ముద్ర వేయించి, ఇన్సూరెన్సు కంపెనీకి పంపాం. నెల తిరక్కుండా జవాబొచ్చింది. "మీ కుడి భుజానికి కలిగిన కష్టానికి మా ప్రగాఢ సానుభూతి."

మేం ఎడమ అని రాశాం. వాళ్ళు వెంటనే జవాబిచ్చారు. "ఎడమ భుజం గురించి మా వద్ద దాఖలా లేదు. అది కొత్త గాయమైతే కొత్త దరఖాస్తు పెట్టుకోగలరు." పాత దరఖాస్తులో దిద్దుబాటు కావాలంటే మొదట తర్జుమా చేసినాయనే చెయ్యాలట.

అక్కా నేనూ ఆయన దగ్గరికి వెళ్ళాం. జిరాక్సు షాపు మీద ఇరుకు గది. ఆయన అసలు రిపోర్టు చూశాడు. తన తర్జుమా చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అవును, ఇందులో ఎడమే ఉంది" అన్నాడు.

"మరి దిద్దండి" అన్నాను.

"దిద్దితే నేను తప్పు రాసినట్టు నేనే రాసిచ్చినట్టవదూ? లైసెన్సు పోతుంది బాబూ."

"నొప్పి ఎడమ వైపుందండీ" అంది అక్క.

"నేను లేదన్నానా తల్లీ? ముద్ర కుడి మీద పడింది, ఏం చెయ్యను?" అన్నాడు. మంచివాడే. మెట్లు దిగేటప్పుడు అక్క చేతిసంచి కింద దాకా మోసుకొచ్చాడు.

ఈలోగా ఆ ముసలావిడ దగ్గర్నుంచి ఉత్తరమొచ్చింది. "మీ ఎడమ భుజం ఎలా ఉంది? నాకు నిద్ర పట్టడం లేదు" అని. బావ దాన్ని కంపెనీకి పంపాడు. ఆమె వైద్యురాలు కానందున ఏ భుజమో చెప్పే అర్హత ఆమెకు లేదని జవాబొచ్చింది. "గుద్దిందే ఆవిడండీ" అని బావ మళ్ళీ రాశాడు. గుద్దడానికి అర్హతలేమీ అవసరం లేదని, నిర్ధారణకు అవసరమని వాళ్ళు ఓపిగ్గా వివరించారు.

చూశారా ఆ ఓపిక? ఇంత మర్యాదగా కాదనిపించుకున్నవాళ్ళు మా వంశంలో లేరు. ప్రతి ఉత్తరం "గౌరవనీయులైన" అని మొదలవుతుంది. మా అక్కను అంతకుముందు అలా పిలిచింది కరెంటు బిల్లు ఒక్కటే. పైగా విజ్ఞానం ఎంత పెరిగిందనుకున్నారు! మా ఇంట్లో ఇప్పుడు చిన్నపిల్లలు కూడా భుజంలో ఎన్ని ఎముకలున్నాయో చెప్పగలరు. బావ నొప్పిని ఒకటి నుంచి పది దాకా కొలవడం నేర్చాడు. "ఇవాళ ఎంత?" అంటాడు పొద్దున్నే. "ఏడు" అంటుంది అక్క. నోట్ చేసుకుని బడికి వెళతాడు.

అడిగినప్పుడల్లా వకీలు "ఇంకొక్క నెల" అన్నాడు. మూడు నెలలు మూడేళ్ళయ్యాయి. ఎడమ చెయ్యి పైకి లేవడం మానేసింది. తర్వాత వేళ్ళు మొద్దుబారాయి, పెన్ను కూడా నిలవదు. షాపు యజమాని ఆమెను కటింగ్ నుంచి తీసి కాజాలు, గుండీల పనిలో కూర్చోబెట్టాడు. ఆ పని, ఇంటి పని, బకెట్లు మొయ్యడం, అన్నీ కుడి చెయ్యే చేసింది. చేసీ చేసీ అదీ అలిసిపోయింది. ఒకరోజు అక్క గిన్నె దించబోయి "అమ్మా" అని కుడి భుజం పట్టుకుంది.

బావ వార్తాపత్రిక పక్కన పడేశాడు. "ఏ వైపు? కుడేనా? నిజంగా కుడేనా?"

"కుడేనండీ" అంది అక్క, తప్పు చేసినదానిలా.

బావ నాకు ఫోను చేసి మరీ చెప్పాడు. దేవుడు మన మొర ఆలకించాడన్నాడు. నేను కూడా సంతోషించానని ఒప్పుకోవాలి.

కంపెనీ తరఫు డాక్టరు వచ్చి పరీక్ష చేశాడు. కుడి భుజం నొక్కగానే అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ముఖం వికసించింది.

"ఎప్పట్నుంచమ్మా ఈ నొప్పి?"

బావ అక్క కాలు తొక్కాడు. అయినా అక్క అబద్ధమాడలేదు. "ఇది ఆర్నెల్ల నుంచండీ. అది మూడేళ్ళ నుంచి."

"ఫారంలో ఒకటే గడి ఉందమ్మా" అని, కుడి భుజానికి ఎదురుగా మూడేళ్ళు అని రాసుకుని వెళ్ళిపోయాడు.

పరిహారం మంజూరైంది. రసీదు మీద సంతకం పెట్టి పంపమన్నారు. అక్క కుడి చేత్తో, వంకరటింకరగా, నాలుక కరుచుకుని పెట్టింది. పదిహేను రోజుల్లో రసీదు తిరిగొచ్చింది. పాత సంతకంతో సరిపోలలేదట. పాతది ఎడమ చేత్తో పెట్టిందని రాశాం. మీరు ఎడమ చేత్తో ఎందుకు సంతకం చెయ్యలేకపోతున్నారో వైద్యుల ధ్రువపత్రం జతచేయగలరు అని రాశారు.

ఇంకోసారి చదవండి. కుడి భుజానికి డబ్బివ్వడానికి ఎడమ భుజం దెబ్బతిన్నట్టు రుజువు కావాలి!

రుజువు పంపాం. డబ్బొచ్చింది. వైద్యంతో కుడి భుజం కుదుటపడింది. అక్క ఇప్పటికీ గుండీలే కుడుతోంది. ఇక్కడితో ఆపేస్తే నా సలహా మీకు నచ్చే ఉండేది. కానీ ఆ రుజువు కోసం వెళ్ళిన రోజు సంగతి ఒకటి మిగిలింది, అది మింగుడుపడటం లేదు.

ఎముకల డాక్టరమ్మ వయసులో చిన్నది. అక్క ఎడమ చెయ్యి నెమ్మదిగా ఎత్తి చూసింది. అది ఛాతీ దాటి పైకి రాలేదు. ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చాలాసేపు చూసింది.

"మొదట్లోనే వచ్చుంటే చెయ్యి నిలబడేదమ్మా. ఇప్పుడు ఆపరేషన్ చేసినా లాభం లేదు. ఇన్నాళ్ళు ఎందుకాగారు?"

బావ సంచిలో కంపెనీ ఉత్తరాల కోసం వెతకడం మొదలుపెట్టాడు.

"వకీలుగారు ముట్టుకోవద్దన్నారండీ" అంది అక్క.

డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుంది. నాలుగు లైన్లు రాసింది. ఎడమ భుజం, మూడేళ్ళ కిందటి రోడ్డు ప్రమాదం, శాశ్వత వైకల్యం. కింద సంతకం, దాని మీద ముద్ర. అక్క ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని, కుడి చేతి వేలితో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. 'ఎడమ' అన్నచోట వేలు ఆగింది.

"ఫీజెంతండీ?" అంది చివరికి.

"దీనికి ఫీజెందుకమ్మా? ఉన్నదే రాశాను."

"ఆ ఉన్నది రాయించుకోవడానికేనండీ, మూడేళ్ళు తిరిగాను" అంది మా అక్క.